టీచర్ తప్పు చేస్తే ఏం జరుగుతుంది?

బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు కూడా చెప్పకూడదు. ఈ సంగతి చాలామంది అమ్మానాన్నలకు తెలియదు.

సర్కారు బడి టీచర్‌పై ఫిర్యాదును రాతపూర్వకంగా హెచ్‌ఎంకు గానీ, ఎంఈవో, డీఈవోలకు గానీ ఇవ్వాలి. నకలు దగ్గర పెట్టుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో 1991 నాటి సీసీఏ రూల్స్ ప్రకారం చర్య తీసుకుంటారు. పెద్ద శిక్ష వేయాలంటే ముందు అభియోగాలు రాసిచ్చి, టీచర్ జవాబు తీసుకుని, విచారణ జరపాలి. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ తేలేదాకా పక్కన పెట్టడమే. 'సస్పెండ్ చేశారు, ఇక అయిపోయింది' అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. తప్పు చిన్నదైతే మందలింపు, ఇంక్రిమెంట్ ఆపడం. పెద్దదైతే ఉద్యోగమే పోతుంది. 'రిమూవల్' అయినవారు మళ్లీ సర్కారు కొలువుకు ప్రయత్నించొచ్చు, 'డిస్మిస్' అయితే మామూలుగా ఆ దారి మూసుకుపోయినట్టే.

మదర్సాల సంగతి వేరు. 2012 సవరణ వాటిని విద్యాహక్కు చట్టం నుంచి మినహాయించింది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ స్కూళ్లకూ ఆ చట్టం వర్తించదంది. అలాగని ఉస్తాద్ కొడితే అడిగే చట్టమే లేదని కాదు, 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ అక్కడా వర్తిస్తుంది. లైంగిక వేధింపులైతే పోక్సో కేసే. పరువు పోతుందని పెద్దలు సర్దిచెప్పినా ఇందులో రాజీ చెల్లదు. కింది సిబ్బంది చేసిన నేరాన్ని పోలీసులకు చెప్పని సంస్థ బాధ్యులకు ఏడాది దాకా జైలు పడొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098.