రగడ్, రగడ, ఘర్షణ

మా ఉర్దూ మీడియం సైన్సు కితాబులో ‘రగడ్’ అంటే ఒక వస్తువు మరోదాన్ని రాసుకున్నప్పుడు పుట్టే అడ్డంకి. డిగ్రీలో తెలుగు చదువుతుంటే ‘రగడ’ అంటే కొట్లాట అని మాలూమ్ అయింది. సైన్సు రగడ్‌కేమో తెలుగులో ‘ఘర్షణ’ అట! పేపర్లో చేరాక ఆ మాటతో ఎన్ని హెడ్డింగులు పెట్టానో హిసాబ్ లేదు. ఒకసారి బండి తగిలి ఇద్దరు కుర్రాళ్లు తిట్టుకుంటే, పేర్లు చూసి ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాసేశాను.

ఈమధ్య అసలు రగడ్ తారీఖ్ చదివాను.

1699లో పారిస్ అకాడమీ ముందు గియోమ్ అమోంతాఁ ఒక వింత సంగతి పెట్టాడు. చిన్నప్పుడే వినికిడి పోయిన మనిషాయన. బరువు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, ఆనుకున్న వైశాల్యం పెరిగితే మాత్రం పెరగదు అన్నాడు. ఇటుకను వెడల్పుగా పడుకోబెట్టి లాగినా, పక్కకు తిప్పి లాగినా ఒకటే జోర్ కావాలి. అంతకు రెండొందల ఏళ్ల ముందే లియోనార్డో డా విన్సీ ఇది తన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు, లోకానికి చెప్పలేదు.

ఎందుకలా? గరుకుతనం వల్ల, ఎగుడుదిగుళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోవడం వల్ల అన్నారు. మరి అద్దంలా నున్నగా చేసిన లోహాలు ఇంకా గట్టిగా ఎందుకు పట్టుకుంటాయి? 1939లో బౌడెన్, టాబర్ జవాబ్ ఇచ్చారు. మన కంటికి మొత్తం ఆనుకున్నట్టు కనిపించేవి నిజానికి శిఖరాల లాంటి కొన్ని చోట్లే తగులుతాయి. అక్కడ అతుక్కుంటాయి. పైన బరువు పెరిగితే ఆ చోట్లు పెరుగుతాయి.

అలాంటి ఒక్క చోట ఏం జరుగుతుంది? స్ప్రింగుకు కట్టిన జర్రాను ఎత్తుపల్లాల మీద లాగితే ఎలా ఉంటుందో 1928లోనే ప్రాంటల్ లెక్క కట్టాడు. చూసే యంత్రమే లేదు. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ తెచ్చారు. మరుసటి ఏడే కాలిఫోర్నియా ఐబీఎం ఆల్మడెన్ లాబులో మేట్, ఆయన సాథీలు టంగ్‌స్టన్ మొనను గ్రాఫైట్ మీద లాగారు. అది సాఫీగా జారలేదు. ఆగింది, తటాలున జారింది, మళ్లీ ఆగింది. ఆ అడుగుల దూరం గ్రాఫైట్ అణువుల వరసకు సరిపోయింది. మిల్లీమీటరును 40 లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్కంత! అమోంతాఁ మాటకు 288 ఏళ్ల తర్వాత ఆ కదలిక లెక్కకు దొరికింది.

2004లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఇంకో హైరానీ. గ్రాఫైట్ మీద చిన్న గ్రాఫైట్ రేకును లాగారు. వరసలు కలిస్తే గుడ్ల అట్టల్లా ఒకదాంట్లో ఒకటి కూర్చుని పట్టేశాయి. రేకును కొంచెం తిప్పితే ఘర్షణ దాదాపు మాయం.

ఇదంతా చదివాక ఆ పాత హెడ్డింగ్ గుర్తొచ్చి షరమ్ అనిపించింది. తగిలింది ఒక్క చోట. నేను రెండు వర్గాలూ మొత్తంగా రాసుకున్నాయని అచ్చేశాను. పైగా ఆ హెడ్డింగే ఒక బరువు. ఇప్పుడు అలాంటి వార్త వస్తే ముందు రెండు సవాళ్లు వేసుకుంటున్నాను: సరిగ్గా ఎక్కడ తగిలింది? పైన బరువు మోపుతున్నది ఎవరు?