ప్రీటెన్షనర్: దేనికి ముందు?

‘టెన్షన్’ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది పరీక్షల భయమో, ఇంటి అప్పో. లాటిన్ మూలానికి మాత్రం సాగదీయడం అని అర్థం. ఆ పాత అర్థం కారు సీటు బెల్టులోని ప్రీటెన్షనర్‌లో చెడకుండా ఉంది. ‘ప్రీ’ అంటే గుద్దుకోవడానికి ముందు అనుకుంటే చాలా కార్ల విషయంలో పొరపాటే. గుద్దిన సంగతి సెన్సర్ పట్టాక అందులోని కొద్దిపాటి పేలుడు మందు అంటుకుని, ఒంటి బరువు బెల్టు మీద పడేలోపు దాని వదులును లాగేస్తుంది.

ప్రీటెన్షనర్ పని ఏమిటో తెలిస్తే మరమ్మతులోనూ పనికొస్తుంది. బెల్టు మెల్లగా చుట్టుకుంటే అనుమానించాల్సింది రీలును, మురికి పట్టిన పట్టీని. ప్రీటెన్షనర్ లోపాన్ని చెప్పేది ఆరని ఎయిర్‌బ్యాగ్ దీపం. స్కానర్‌లో రెసిస్టెన్స్ ఎక్కువని కోడ్ వస్తే, సీటు కింద వదులైన పసుపు కనెక్టర్ కారణం కావచ్చు. బ్యాటరీ తీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగాకే దాన్ని ముట్టాలి. ప్రీటెన్షనర్‌కు మామూలు మల్టీమీటర్ పెడితే ఆ కాస్త కరెంటుకే మందు పేలే ప్రమాదముంది. పేలినదాన్ని మార్చడమే, బాగుచేయడం ఉండదు.

తమిళనాడులోని మణవాళనగర్ మెకానిక్ షెడ్డులో ‘బెల్టు కంప్లయింట్’ అంటే చాలదా? చాలదు, రెండు వేర్వేరు లోపాలు అందులో కలిసిపోతాయి. పోనీ, ‘ముందుబిగింపు’ అందామా? బిగువుకు తమిళ మాట తీసుకుంటే ‘ఇఱుక్కం’, అది ఇక్కడి తెలుగు చెవికి ‘ఇరుకు’గా తడుతుంది. ‘ముందుబిగింపు’ మాట బాగానే ఉన్నా విడిభాగాల కొట్టులో చెల్లదు. అక్కడ పెట్టె మీది పేరే అడగాలి. దాని అర్థం తెలిస్తే, పట్టీ కడిగితే సరిపోయేచోట మొత్తం యూనిట్ కొననక్కర్లేదు.