చెరువు వైపు కిటికీ

మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశం ప్రతినెలా మొదటి ఆదివారం జరుగుతుంది. ఏ నెలైనా చర్చ చివరికి టాంకరు నీళ్ళ దగ్గరికే చేరుతుంది. అమీన్‌పూర్ దాపున, ఒక కుంట అంచున కట్టుకున్న ఇళ్ళకు టాంకరేమిటని మీరడగవచ్చు. దానికి కొంత చరిత్ర ఉంది.

అమీన్‌పూర్ పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా (1550–80) నాటిదని చెబుతారు. ఒకప్పుడు 300 ఎకరాలకు పైబడినది నేడు సుమారు 93 ఎకరాలకు కుదించుకుపోయింది. ఫ్లెమింగోలు ఇంకా వస్తూనే ఉన్నాయి. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. మా కుంటకు అంతటి కీర్తి లేదు. కాని ఏ చెరువుకైనా కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, శిఖం ఉండేవి. తూము తీసి పొలాలకు నీళ్ళు పంచే నీరటికి కళ్ళంలో ధాన్యం ముట్టేది. నా దృష్టిలో అదే ఈ ప్రాంతపు తొలి సంక్షేమ సంఘం. మాకన్నా శ్రద్ధగానే నడిచి ఉంటుంది.

1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారాల్లో కర్మాగారాలు వెలిశాయి. బతుకుదెరువు దొరికింది, నిజమే. కాని వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా పారాయి. వాగు వెంబడి ఊళ్ళలో బావులు, పొలాలు పాడైనాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో లార్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన మరీ నివ్వెరపరుస్తుంది: పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుండి శుద్ధయి వెలువడిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు మింగిన రోగి రక్తంలోనూ అంత ఉండదు. మా బోరునీళ్ళు పరీక్షకు పంపించుకున్నాక మేము వాటిని మొక్కలకే వాడుతున్నాము.

2020 అక్టోబరు వానలకు మా చివరి వరుస ఇళ్ళలోకి మోకాలిలోతు నీళ్ళు వచ్చాయి. మాదీ ఆ వరుసే. స్థలం అమ్మినవారు కిటికీలోంచి కుంట కనబడుతుందని చెప్పి గజానికి కొంత ఎక్కువే పుచ్చుకున్నారు. శిఖమన్న మాట మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు. చరిత్ర పుస్తకాలు చదివేవాడిని, అడిగి ఉండవలసింది.

మా కాలనీలో వాల్వులు తిప్పే పెద్దాయన తండ్రి ఈ కుంటకు నీరటి. నీళ్ళు తీశాక ఆయన నన్ను పార్కు దగ్గరికి తీసుకుపోయి, గోడ మొదట్లో చేత్తో చూపించాడు.

“అలుగు ఈడనే ఉండె సార్. నీళ్ళకు తొవ్వ ఎరుకనే. మీరే అడ్డమున్నరు.”

ఆ మాట సమావేశంలో చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత గోడ రెండడుగులు పెంచాలని తీర్మానించారు. నేనూ సంతకం పెట్టాను.