చార్జీలు రెండు రకాలు

మన భాషలోకి వచ్చి స్థిరపడ్డ ఇంగ్లీషు మాటల్లో 'చార్జి' అంత చిత్రమైనది మరొకటి లేదు. బస్సుకీ చార్జే, కరెంటుకీ చార్జే. ఆఫీసరు బదిలీ అయి వస్తే 'చార్జి తీసుకున్నా'డంటాం. పోలీసులు కర్రలు ఎత్తితే లాఠీచార్జి. కోర్టులో మనిషిని నిలబెట్టి చదివి వినిపించేదీ చార్జే. ఈ చివరి రెండూ ఒక్కచోట గుర్తుకు రావాలంటే ఒంగోలుకు దగ్గర్లో, సముద్రపు ఒడ్డున ఉన్న కొత్తపట్నం వెళ్ళాలి.

అది 1937 వేసవి. మద్రాసులో కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారి తాత్కాలిక మంత్రివర్గం ఉన్న రోజులు. అప్పటికి కొత్తపట్నం గుంటూరు జిల్లాలోదే. కాంగ్రెసులోని సోషలిస్టులు అక్కడ యువకుల కోసం రాజకీయ పాఠశాల పెట్టారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కుర్రవాళ్ళు కదలలేదు. లాఠీలు లేచాయి, అరెస్టులు జరిగాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. పాఠం చెప్పడం నేరమనీ, కూర్చుని వినడం నేరమనీ శిక్షాస్మృతిలో ఏ సెక్షనూ లేదు. కాని అధికారి ఒక నిషేధాజ్ఞ జారీ చేస్తే, దాన్ని మీరడం నేరమయ్యే వీలుంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో అందుకోసం 188వ సెక్షను ఉండేది. అయితే ఆ కేసు నడవాలంటే ఆజ్ఞ ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలి. కర్ర ఎత్తడానికి నోటిమాట చాలు. మనిషిని నేరస్థుడనాలంటే మాత్రం కాగితం కావాలి. రెండు చార్జీలకూ ఉన్న తేడా అదే.

ఆ కాగితానికి మన పాత మాట 'అభియోగం'. ఇది నిన్నమొన్నటిది కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలోనే ఉంది. తన మీద వచ్చిన అభియోగానికి జవాబు చెప్పకుండా ఎదుటివాడి మీద తిరిగి అభియోగం మోపరాదని అందులో నియమం. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానమే మితాక్షర. తిక్కనగారి కాలంలోనే కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

తర్వాత పారసీ, అరబ్బీ మాటలు వచ్చాయి. 'ఫిర్యాదు' అంటే మొరపెట్టుకోవడం. 'ముద్దాయి' కథ మరీ విడ్డూరం. అసలు అర్థం దావా తెచ్చినవాడని. ఉర్దూలో ఇప్పటికీ అంతే. మన దగ్గరకు వచ్చేసరికి బోనులో నిలబడ్డవాడైపోయాడు! మాట బోల్తాపడితే నవ్వుకోవచ్చు. మనిషి బతుకు బోల్తాపడితేనే కష్టం.

ఎందుకంటే మనవాళ్ళకు 'కేసు పెట్టారు' అన్న ఒక్క మాటలో అన్నీ కలిసిపోతాయి. నిజానికి మెట్లు చాలా ఉన్నాయి. ముందు ఫిర్యాదు, ఎఫ్.ఐ.ఆర్. తర్వాత దర్యాప్తు. అది ముగిశాక పోలీసులు కోర్టుకిచ్చే నివేదికనే మనం చార్జిషీటంటాం. అది పోలీసుల మాట, కోర్టు మాట కాదు. జడ్జిగారు కాగితాలు చూసి, ఇరుపక్షాలా విని, పస లేదనుకుంటే అక్కడే వదిలేస్తారు. ఉందనుకుంటే అప్పుడు అభియోగం నమోదు చేస్తారు. ఏ నేరం, ఏ సెక్షను, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పట్ల అన్నవి రాసి, ముద్దాయికి చదివి, అర్థమయ్యేలా చెప్పి, 'ఒప్పుకుంటావా?' అని అడుగుతారు. కాదన్నాడో, విచారణ అప్పుడు మొదలన్నమాట. చిన్న నేరాలకు ఇంత తతంగం లేదు, సంగతి చెప్పి అడిగితే చాలు.

రాతలో పొరపాటు వస్తే? 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఒక కల్పిత ఉదాహరణ చెబుతుంది. హైదర్ బక్ష్‌ను చంపాడనే వాడి మీద పొరపాటున ఖోదా బక్ష్ పేరు రాశారు. వాడి మీద ఉన్నది ఒక్క హత్యే అయి, అదేదో వాడికి ముందే తెలిసి ఉంటే ఆ తప్పు పట్టించుకోనక్కర్లేదు. మరి హత్యలు రెండై, ఒకదానికి అభియోగం చదివి రెండోదానికి విచారించారనుకోండి. వాడు పాపం మొదటిదాని సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అప్పుడది పెద్ద తప్పు. అభియోగం ఎవరికోసమో ఇక్కడే తెలుస్తుంది. దేనికి జవాబు చెప్పుకోవాలో ముద్దాయికి తెలియాలి, అదీ దాని పని.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈమధ్య 'ఇండైట్‌మెంట్' అనే మాట వింటున్నారు. స్పెల్లింగులో 'సి' ఉంటుంది గాని నోట్లో పలకదు. అక్కడ ఫెడరల్ కోర్టుల్లో పెద్ద నేరాలకు గ్రాండ్ జ్యూరీ అనే పౌరుల బృందం ముందుగా సాక్ష్యం చూసి ఆ పత్రం ఇస్తుంది. ఇంగ్లండు ఆ జ్యూరీని 1933లో దాదాపు పూర్తిగా వదులుకుంది. ఏ దేశంలోనైనా సారం ఒకటే: అది ప్రశ్న, తీర్పు కాదు.

2024 జూలై 1 నుంచి మనకు కొత్త చట్టాలు వచ్చాయి. పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత, ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలయ్యాయి. సెషన్స్ కేసుల్లో అభియోగం మీద తొలి వాయిదా జరిగిన 60 రోజుల్లోగా దాన్ని నమోదు చేయాలన్నారు. మంచిదే. కాని ఊళ్ళో రచ్చబండ దగ్గర అరవై నిమిషాలు కూడా ఆగరు. పేపర్లో చార్జిషీటు అని పడగానే, 'చేసే ఉంటాడు, లేకపోతే ఎందుకు వేస్తారు?' అనేస్తారు. వదిన ముఖం తిప్పుకుంటుంది, కుదిరిన సంబంధం తప్పిపోతుంది.

పాఠశాలకు వెళ్ళి దెబ్బలు తిన్న కుర్రవాళ్ళను కొత్తపట్నం దొంగలుగా తలచుకోవడం లేదు. పొరుగువాడి పేరు చార్జిషీటులో కనపడ్డప్పుడు మనమూ కాస్త ఓపిక పట్టవచ్చు. అతన్ని ప్రశ్న మాత్రమే అడిగారు. జవాబు ఇంకా వినాలి కదా!