కొత్త లైను టెస్టు కాకుండా పాత లైను కోస్తే ఏమవుతుంది? కెనడాలో 2016 జీతాల కథ

ఈసారి పోస్టు కొంచెం పొడుగే, ఆదివారం తీరిగ్గా చదవండి. కంప్యూటర్ల సంగతి కదా, మనకెందుకు అనుకోవద్దు. చివరికి ఇది జీతం సంగతే.

సైట్లో మనం ఎట్లా చేస్తామో మీకు తెలుసు. కొత్త వాటర్ లైను వేస్తే, ప్రెషర్ టెస్టు పాసయ్యేదాకా పాత లైను కోయం. స్లాబు పోశాక, కాంక్రీటుకి బలం వచ్చిందని రిపోర్టు చేతికి రాకుండా సెంట్రింగు విప్పం. డ్యూ డేట్ దాటిందని పైవాళ్లు ఎంత అరిచినా సరే, విప్పం. ఎందుకంటే కింద మనుషులుంటారు.

కంప్యూటర్ సర్వరుదీ ఇదే లెక్క. పాతది నడుస్తుండగానే కొత్తది పక్కన నిలబెట్టాలి. అసలు లెక్కల కాపీ ఒకటి దాంట్లో పోయాలి. పాతదానికి ఇచ్చిన పనే కొత్తదానికీ ఇచ్చి, రెండింటి జవాబులు పక్కపక్కన పెట్టి చూడాలి. జనం అందరూ ఒకేసారి మీద పడితే తట్టుకుంటుందా లేదా అని లోడు పెట్టి చూడాలి. ముందు కొద్దిమందినే అటు పంపాలి. తేడా వస్తే వెంటనే వెనక్కి రావడానికి పాతది బతికే ఉండాలి. ఇవన్నీ అయ్యాకే పాతది ఆపాలి.

ఇది చెయ్యకపోతే ఏమవుతుందో కెనడా ప్రభుత్వమే చూపించింది. దాని పేరు ఫీనిక్స్.

ఫెడరల్ ఉద్యోగుల జీతాలు దాదాపు 40 ఏళ్లు ఒక పాత సిస్టమ్ మీద నడిచాయి. అది మార్చాలని 2009లో ప్లాన్ మొదలైంది. ఒక్కో శాఖలో జీతాల లెక్క చూసేవాళ్లు అంతా కలిపి 1,200 మంది దాకా ఉండేవాళ్లు. వాళ్ల బదులు న్యూ బ్రన్స్‌విక్‌లోని మిరమిషి అనే చిన్న ఊళ్లో ఒకే సెంటర్ పెట్టి, 550 మందితో నడపాలనుకున్నారు. ఏడాదికి 7 కోట్ల డాలర్లు మిగులుతాయని లెక్క వేశారు. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు 2011లో ఐబీఎంకి వెళ్లింది. ఆ పేరు మన మార్కమ్ వాళ్లకి కొత్త కాదు, వార్డెన్ ఎవెన్యూ మీద వాళ్ల ల్యాబ్ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు.

ఇక్కడి నుంచి కథ మన సైటు కథలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కట్టడానికి శాంక్షనైన డబ్బు 15 కోట్ల 50 లక్షల డాలర్లు. 2012లో ఐబీఎం 27 కోట్ల 40 లక్షలు అవుతుందని చెప్పింది. పైవాళ్లు అదనంగా డబ్బు అడగలేదు. టైమూ పెంచలేదు. పని తగ్గించారు. పాత బకాయి జీతం లెక్కగట్టే భాగం లాంటివి తీసేశారు. టెస్టింగుకి పెట్టిన టైము కూడా కుదించారు.

ఒక శాఖలో ముందుగా నడిపి చూద్దామని అనుకున్నారు. 2015 జూన్‌లో అదీ రద్దు చేశారు. సిస్టమ్‌లో పెద్ద లోపాలు కనిపించాయి, అవి సరిచేసి మళ్లీ పరీక్ష పెడితే తేదీ దాటిపోతుందని. చూడండి, లోపం దొరికినందుకు టెస్టు ఆపారు! మొదటి నుంచి చివరిదాకా మొత్తం సిస్టమ్‌ని ఒకసారి నడిపి చూసింది కూడా లేదు. చెడితే ఏం చెయ్యాలనే ప్లాన్ కూడా లేదు.

2016 ఫిబ్రవరి 24న మొదటి విడతగా 34 శాఖలు మారాయి. కంప్లైంట్లు వస్తూనే ఉన్నా ఏప్రిల్ 21న మిగతా 67 శాఖల్నీ మార్చేశారు. మొత్తం 2,90,000 మంది జీతాలు. లెక్క తెలిసిన పాత మనుషుల్లో చాలామంది అప్పటికే వెళ్లిపోయారు. వెనక్కి పోదామన్నా దారి లేదు.

కొందరికి జీతం తక్కువ పడింది, కొందరికి ఎక్కువ, కొందరికి అసలు పడనే లేదు. ఎక్కువ పడినవాళ్లకీ సుఖం లేదు, తర్వాత తిరిగి కట్టమన్నారు. 2017 జూన్ నాటికి లక్షన్నర మందికి పైగా ఉద్యోగుల జీతాలు సరిచెయ్యాల్సి ఉంది, తప్పుల విలువ 50 కోట్ల డాలర్లు దాటింది. రెండు వారాలకోసారి వచ్చే జీతం రాకపోతే ఇంటి అద్దె సంగతి ఏంటో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018లో ఆడిటర్ జనరల్ మైకేల్ ఫెర్గుసన్ తన రిపోర్టులో, అర్థం కాని స్థాయి వైఫల్యం అని దీన్ని తేల్చేశారు. మిగుల్తుందనుకున్న చోట వందల కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

ఇది కెనడా ఒక్కదాని జబ్బు కాదు. అదే 2018 ఏప్రిల్‌లో ఇంగ్లండులో టీఎస్‌బీ బ్యాంకు 50 లక్షల మందికి పైగా ఖాతాల్ని ఒక్క వారాంతంలో కొత్త సిస్టమ్‌కి మార్చింది. సర్వర్లున్న డేటా సెంటర్లు రెండు. లోడు టెస్టు మాత్రం ఒక్కదానికే చేశారు. సోమవారం వచ్చేసరికి లక్షల మందికి తమ డబ్బు తమకే కనపడలేదు. 2022 డిసెంబరులో అక్కడి రెగ్యులేటర్లు 4 కోట్ల 86 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. రెండు స్తంభాల్లో ఒకదాన్నే పరీక్షించి, రెండింటి మీదా స్లాబు ఎక్కించినట్టు.

రెండు చోట్లా ఇంజనీర్లకి టెస్టు చెయ్యడం రాక కాదు. తేదీ ముందే ఖాయమైపోయింది, టెస్టు ఆ తేదీలో ఇమడాల్సి వచ్చింది. తేదీ చెప్పినవాళ్ల జీతం ఆగలేదు. కింద పనిచేసేవాళ్ల జీతం ఆగింది.

మనం ఆ సర్వర్ల జోలికి పోలేం. కానీ మన జీతం కూడా ఏదో ఒక సర్వరులోనే ఉంది. కంపెనీ కొత్త యాప్‌కి మారుతోంది అన్నప్పుడు ఈ పనులు చెయ్యండి:

పాత యాప్ మూసేలోపు పే స్టబ్‌లన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రోజూ చేసిన గంటలు, ఓవర్‌టైమ్ మీ సొంత చిన్న పుస్తకంలో రాసుకోండి. మారాక మొదటి రెండు స్టబ్‌లు పాతవాటి పక్కన పెట్టి లైను లైనూ చూడండి. ఎక్కువ పడితే ఖర్చు పెట్టకుండా అడగండి. ఒంటారియో చట్టం ప్రకారం జీతం లెక్క రాతపూర్వకంగా ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే, అడగడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పాతదీ కొత్తదీ పక్కన పెట్టి చూడటమే టెస్టు అంటే. వాళ్లు చెయ్యకపోయినా, మన వంతు మనం చేసుకుందాం. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎవరైనా ఉంటే ఇది పంపండి.