మోటార్ భద్రం, మరి చెట్లు?

తనను తానే మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఎలా పుట్టిందో ఈరోజు చూద్దాం. ముందు మా పామూరు ముచ్చట ఒకటి.

మాకు బత్తాయి తోట ఉంది. బోరులో నీళ్లు ఒకరోజు ఉంటాయి, ఒకరోజు ఉండవు. నీళ్లు లేకుండా తిరిగితే మోటార్ కాలిపోద్ది. ఎప్పుడు వేయాలో ప్రోగ్రామే నేర్చుకుంటుందిలే అని ల్యాప్‌టాప్‌లో జెనెటిక్ అల్గారిథమ్ రాశా. నీళ్లు లేకుండా తిరిగిన ప్రతి నిమిషానికీ మార్కులు కట్. తెల్లారేసరికి ఫుల్ మార్కులతో టైమ్‌టేబుల్ వచ్చింది. ఏముందో తెలుసా? మోటార్ అసలు వేయొద్దంట! నాయనకి చూపిస్తే ఒకటే మాట: "మోటార్ భద్రంగానే ఉందిరా. మరి చెట్లు?"

ఆ మాట గుర్తుపెట్టుకుని 1975కి రండి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ హాలండ్ ఒక పుస్తకం రాశారు. ఆయన చెప్పింది ఇదీ: ఒక్క జవాబు కోసం వెతకొద్దు. వంద జవాబులు పుట్టించండి. మంచివి ఉంచండి, ఒకదాంతో ఒకటి కలపండి, అక్కడక్కడా కాస్త మార్చండి. తరాలు గడిచేకొద్దీ జవాబు మెరుగవుతుంది. మన రైతులు మంచి కంకులు ఏరి విత్తనానికి దాచేవాళ్లు కదా, అలాగన్నమాట.

2001లో ఐబీఎం ఇంకో మాట అంది. సిస్టమ్స్ మనుషులు చూసుకోలేనంత పెద్దవైపోతున్నాయి. మనం చెప్పకుండానే గుండె కొట్టుకున్నట్టు, కంప్యూటర్లు కూడా తమను తామే చూసుకోవాలి అని. దానికి ఆటోనామిక్ కంప్యూటింగ్ అని పేరు పెట్టింది. సర్వర్ పడిపోయిందని రాత్రి మూడింటికి లేచినోళ్లకి ఈ బాధ తెలుసు. నేనూ లేచా.

ఈ రెండు ఐడియాలనీ కలిపినవాళ్లలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ టీమ్ ఒకటి. 2009లో వాళ్లు చూపించిన సిస్టమ్ పేరు ప్లేటో. డేటా కాపీలను దూరదూరంగా దాచే నెట్‌వర్క్‌లో ఏదైనా లింక్ తెగిందనుకోండి. ముందే రాసిపెట్టిన ప్లాన్ కోసం అది వెతకదు. ఖర్చు, స్పీడ్, నమ్మకం మూడూ తూచి, కొత్త కనెక్షన్లను అప్పటికప్పుడు పుట్టిస్తుంది.

ఇంకో చిక్కుంది. ఎంత కలపాలి, ఎంత మార్చాలి అన్న సెట్టింగులు ఎవరు పెట్టాలి? 2011లో సూరత్ ఎన్‌ఐటీ ప్రొఫెసర్ రావిపూడి వెంకటరావు గారి టీమ్ టీఎల్‌బీఓ అనే పద్ధతి తెచ్చింది. ఇది క్లాస్‌రూమ్ లాంటిది. అందరికంటే మంచి జవాబే టీచర్. మిగతావి ఆ టీచర్ నుంచి, ఒకదాన్నుంచి ఇంకోటి నేర్చుకుంటాయి. జవాబులెన్ని, తరాలెన్ని అని చెప్తే చాలు, వేరే సెట్టింగులు అక్కర్లేదన్నారు. దానిమీద తర్వాత వాదనలూ జరిగాయనుకోండి.

గమనించారా? ఒక్కో పనీ మనిషి చేతిలోంచి మెషిన్‌కి వెళ్లిపోతూ వచ్చింది. కానీ "మంచిది" అంటే ఏంటో చెప్పే పని ఇప్పటికీ మనదే. దాన్నే ఫిట్‌నెస్ ఫంక్షన్ అంటారు. రేపు మన మండలంలో నీళ్ల ట్యాంకర్ల రూట్లు ఇలాంటి సాఫ్ట్‌వేరే వేసిందనుకోండి. డీజిల్ ఒక్కటే లెక్కేస్తే, చిట్టచివరి పల్లెకి ట్యాంకర్ రాదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఫుల్ మార్కులే చూపిస్తుంది.

నా ప్రోగ్రామ్‌లో ఇంకో లైన్ చేర్చా: చెట్టుకి నీళ్లందని ప్రతి రోజుకీ మార్కులు కట్. బీటెక్ చదివింది నేను, ఆ లైన్ చెప్పింది నాయన.