ముష్టి గింజ, మారథాన్ పరుగు

ముష్టి చెట్టు అడవి అంచు ఊళ్ళలో పెరిగినవాళ్ళకి తెలిసే ఉంటుంది. పండితే కాయ నారింజలా నున్నగా, చూడముచ్చటగా కనిపిస్తుంది. లోపలి గింజలు మాత్రం బల్లపరుపుగా, గుండ్రంగా, కోటు గుండీల్లా ఉంటాయి. బిచ్చానికీ ముష్టి అంటాం, పిడికిలికీ ముష్టి అంటాం. ఈ గింజకి మాత్రం 'విషముష్టి' అని ఇంకో పేరు పెట్టారు పెద్దలు. తినకూడదన్న సంగతి పేరులోనే చెప్పేశారన్నమాట. ఆయుర్వేదంలో దీన్ని మందుగా వాడాలన్నా పాలలో ఉడికించి, నేతిలో వేయించి, శుద్ధి చేశాకే వాడతారు.

అన్నట్టు, నీళ్ళు తేర్చే చిల్లగింజ కూడా ఈ జాతిదే. కుండ లోపల అరగదీస్తే బురద అడుక్కి దిగిపోయేది. అక్క విషం, చెల్లెలు మంచినీళ్ళు!

1818లో ఫ్రాన్సులో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు ఈ జాతి గింజల నుంచి స్ట్రిక్నిన్ అనే పదార్థాన్ని విడదీశారు. రెండేళ్ళకి మలేరియా మందు క్వినైన్‌ని విడదీసిందీ వీళ్ళే. మన దేశం నుంచి ముష్టి గింజలు ఓడలెక్కి వెళ్ళేవి. అక్కడ ఆ విషాన్ని ఎలుకలకీ పెట్టేవారు, చిటికెలో చిటికెడంత చేసి మనుషులకి బలం మందుగానూ ఇచ్చేవారు. మన వెన్నుపాములో కండరాలకి 'ఇక చాలు' అని చెప్పే ఏర్పాటు ఒకటుంది. స్ట్రిక్నిన్ దాన్ని మూసేస్తుంది. కొత్తగా బలమేమీ రాదు, ఉన్న బ్రేకు పోతుంది, అంతే. మోతాదు మించితే ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుని, ఊపిరాడక మనిషి పోతాడు.

దీన్ని ఒక పరుగువీరుడికి దారి మధ్యలో తినిపించారు. 1904 ఆగస్టు 30న, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, ఒలింపిక్ మారథాన్‌లో. 32 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 14 మంది. మట్టి రోడ్లు, మండే ఎండ, పక్కనే వెళ్ళే మోటారు కార్లు లేపే దుమ్ము. పోటీ నడిపిన జేమ్స్ సలివన్‌కి నీళ్ళు తక్కువైతే ఒళ్ళు ఎలా ఉంటుందో చూడాలని సరదా. అందుకని దారిలో నీళ్ళు దాదాపు లేకుండా చేశాడు. థామస్ హిక్స్ దాహమో అని బతిమాలితే, వెంట ఉన్నవాళ్ళు తాగనివ్వక, గోరువెచ్చని నీటిలో తడిపిన స్పాంజితో నోరు తుడిచారట. ఇంట్లో కుక్కపిల్లకైనా గిన్నెడు నీళ్ళు పెడతాం కదా!

ఇంకా ఏడు మైళ్ళుందనగా స్ట్రిక్నిన్‌ని గుడ్డు తెల్లసొనలో కలిపి ఇచ్చారు. మన లెక్కలో సుమారు ఒక మిల్లీగ్రాము. మళ్ళీ తూలుతుంటే ఇంకో మోతాదు, పైన బ్రాందీ. మనిషికి భ్రమలు మొదలయ్యాయి, గమ్యం ఇంకా ఇరవై మైళ్ళుందనుకున్నాడట. చివరికి మనుషులు చెరోపక్కా పట్టుకుంటే గీత దాటాడు. 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లు. పతకం అతనిదే.

అతనికంటే ముందే వచ్చినవాడు ఫ్రెడ్ లోర్జ్. సుమారు 11 మైళ్ళు కారులో వచ్చాడని తేలి వెళ్ళగొట్టారు. కారెక్కడం మోసమైంది, విషం తాగించడం మోసం కాలేదు. పైగా హిక్స్ వెంట ఉన్న చార్లెస్ లూకాస్, మందులు క్రీడాకారులకి ఎంతో మేలు చేస్తాయని తర్వాత రాశాడు కూడా. ఆ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు ఆరుగురే, అదీ విలువిద్యలో. మనకి మారథాన్ ఓపిక ఉందని ఒప్పుకుని ఒలింపిక్స్‌లో పెట్టింది 1984లో!

ఇప్పుడు స్ట్రిక్నిన్ నిషేధిత జాబితాలో ఉంది. కెఫీన్‌ని మాత్రం 2004లో ఆ జాబితా నుంచి తీసేశారు. జిమ్‌కి వెళ్ళే పిల్లలు తెచ్చుకునే పొడి డబ్బాల్లో గ్వారానా, గ్రీన్ టీ సారం అని పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద 'సహజం' అని ఆకుపచ్చ ఆకు బొమ్మ. ముష్టి గింజా చెట్టున కాసిందే! గ్వారానాలో చురుకు పుట్టించేది ప్రధానంగా కెఫీనే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 మిల్లీగ్రాములు దాటొద్దంటారు, గర్భిణులకి 200. ఎదిగే పిల్లలకి ఇంకా తక్కువ. డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఒక్క చెంచాకి ఎన్ని మిల్లీగ్రాములో వెతకండి. దానికి ఆ రోజు తాగే టీ, కాఫీ, కూల్‌డ్రింకులు కలపండి. అంకె రాయకుండా మొక్క పేర్లు మాత్రమే రాసిన డబ్బా అయితే నేను ఇంట్లో ఉంచను.